మొగలిలంకలో నాలుగు నిమిషాలు

రాజమండ్రి కోర్టు ప్రహరీ బయట టైపు మిషను పెట్టుకుని నేను ఇరవై ఆరేళ్ళు అఫిడవిట్లు కొట్టాను. పొలం తగాదాలు, విడాకులు, పేరు మార్పులు. ఎదుటి మనిషి చెబుతుంటే వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతాయి, మనసు ఎక్కడో ఉంటుంది. చెబుతున్న మాట విని నా వేళ్ళు ఆగిపోయింది ఒక్కసారే. రెండువేల ఒకటి జూలై నెలాఖరున, లోవరాజు నా ముందు స్టూలు మీద కూర్చున్న రోజున.

నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన చొక్కా, జేబులో మడతపెట్టిన కాగితం. "నేను ప్రమాణం చేసి అబద్ధం చెప్పానండి. ఇప్పుడు ఆ మాట రాసివ్వాలి" అన్నాడు. వకీలుని పెట్టుకోమన్నాను. "తరవాత పెట్టుకుంటానండి. ముందు రాయండి" అన్నాడు. ఆ రోజు అతను చెప్పిందీ, ఆ తర్వాత నాలుగేళ్ళలో నేను చూసిందీ విన్నదీ కలిపి ఇప్పుడు చెబుతున్నాను.

లోవరాజుది కొమ్మరేవు. గోదావరి పాయ పక్కన చిన్న పట్నం. అక్కడ అతనికి వీడియో షాపు ఉండేది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, అన్నవరంలో వ్రతాలు, అన్నీ తీసేవాడు. భుజం మీద పెట్టుకునే పెద్ద కెమెరా అతనిది. రికార్డు అవుతున్నంతసేపూ దాని ముందువైపు చిన్న ఎర్ర లైటు వెలుగుతుంది. బొమ్మ కింద మూలన తేదీ, టైము పడతాయి. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరికీ ఆ ఎర్ర లైటు వైపు చూడకూడదని చెప్పడమే అతని మొదటి పని.

పోలీసుల పని అతనికి అనుకోకుండా వచ్చింది. తొంభై ఆరు తుఫాను తర్వాత, బియ్యం అందలేదని ఆడవాళ్ళంతా వచ్చి ఒక ఆఫీసు గేటు ముందు కూర్చున్నారు. పడిపోయిన ఇళ్ళని వీడియో తీసి వస్తున్న లోవరాజు అక్కడ ఆగి, కెమెరా తిప్పాడు. తోపులాట జరిగింది. ఒకామె చీర చిరిగింది. చిట్టియ్య అనే కానిస్టేబులు చెయ్యి వేసి లాగాడని గొడవయింది. సాయంత్రానికి చిట్టియ్యని సస్పెండు చెయ్యాలని ఊరంతా స్టేషను ముందు చేరింది.

లోవరాజు క్యాసెట్టు తీసుకెళ్ళి స్టేషన్లోనే టీవీలో వేశాడు. ఊరి పెద్దలూ చూశారు, చీర చిరిగినామె కూడా చూసింది. చిట్టియ్య చేతులు రెండూ గేటు పట్టుకునే ఉన్నాయి. చీర గేటు కొక్కేనికి తగులుకుంది. ఆమె కాసేపు చూసి, "నా ఎనకాల ఆయనే ఉన్నాడు గదాని అనుకున్నానండి" అంది. చిట్టియ్య లేచి వరండాలోకి వెళ్ళి గోడకి ఆనుకుని ఏడ్చాడు. అతనికి ఇద్దరు ఆడపిల్లలు.

ఆ క్యాసెట్లోనే ఇంకొకటి కూడా ఉంది. సర్కిల్ ఇన్‌స్పెక్టరు జగన్నాథరావు గారు దాన్ని పట్టుకున్నారు. ఒక ముసలావిడ మీదికి ఎత్తిన లాఠీ, ఎర్ర లైటు అటు తిరగగానే గాలిలో ఆగి, మెల్లగా కిందికి దిగింది. ఆయన ఆ ముక్క రెండుసార్లు వేయించుకున్నారు.

"చూశావా లోవరాజూ, మావాడు కొట్టకుండా ఆగాడు. జనం అబద్ధం చెప్పకుండా ఆగారు. ఇక ఎక్కడ బందోబస్తున్నా నువ్వు రావాలి" అన్నారు.

లోవరాజు నిజంగా సంతోషించాడు. పెళ్ళిళ్ళలో తన పని భోజనాలు తీయడం. ఇక్కడ తన కెమెరా ఒక మనిషి పరువు నిలబెట్టింది, ఒక ముసలిదాని వీపు కాపాడింది. ఇంటికెళ్ళి భార్య సత్యశ్రీతో ఆ లాఠీ దిగిన తీరు చేత్తో చూపించి మరీ చెప్పాడట.

ఏడాది తిరిగేసరికి ఆ సంతోషానికి మచ్చలు పడ్డాయి. ధర్నా జరిగిన మర్నాడు స్టేషనుకి పిలిచి క్యాసెట్టు వేయించేవారు. బొమ్మ ఆపమనేవారు. స్టేషన్ రైటరు టీవీ దగ్గరకొచ్చి మొహాల మీద వేలు పెట్టి పేర్లు రాసుకునేవాడు. అరిచినవాడి పేరు, అరవనివాడి పేరు, కూరగాయలకని వచ్చి నిలబడి చూసినామె పేరు. ఉరిపోసుకున్న అమ్మాయి పంచనామా తీస్తుంటే వాళ్ళమ్మ దుప్పటి కప్పబోయింది. "రికార్డు అవ్వాలమ్మా" అని ఆవిడ చేతులు పక్కకి తీశారు. లోవరాజు తీస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో అతను కెమెరా ఎత్తితే మగవాళ్ళు కొందరు మొహం తిప్పుకునేవారు. "పోలీసోళ్ళ కెమెరా వచ్చింది" అనేవారు. నవ్వుతూనే అనేవారు.

మొగలిలంక సంగతి తొంభై ఎనిమిది ఏప్రిల్ ఇరవై రెండున జరిగింది.

ఆ లంకలో రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు పంట కాలువలోకి వదులుతున్నారు. తాగే నీళ్ళు కూడా చప్పరించి ఉమ్మేయాల్సి వస్తోంది. చెప్పి చెప్పి విసిగి, ఊరివాళ్ళు యాభై మంది వెళ్ళి చెరువు తూముకి అడ్డంగా కూర్చున్నారు. వాళ్ళలో బుల్లియ్య అని కొబ్బరికాయలు దింపే మనిషి ఒకడు. ముప్పై అయిదేళ్ళవాడు. ఎంత పొడుగు చెట్టయినా సందేహించకుండా ఎక్కుతాడని పేరు. ఆ రోజు తలకి గళ్ళ తువ్వాలు చుట్టుకుని, బిందెలోంచి గ్లాసుతో అందరికీ నీళ్ళు పోస్తున్నాడు.

పడవ దిగి వస్తున్న పోలీసుల్ని చూసి కొందరు లేవబోయారు. బుల్లియ్య వాళ్ళని ఆపాడు. లోవరాజు చెవులారా విన్నాడు. "కూర్చోండ్రా. ఈడియో ఆయన కూడా వచ్చాడు గదా. ఆయన ఉంటే మనల్నేం చెయ్యరు" అన్నాడు.

జనం కూర్చున్నారు. ఎస్సై కొత్తవాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. లేవమన్నాడు, లేవలేదు. ఎవరో వెనకనుంచి మట్టిగడ్డ విసిరితే ఎస్సై టోపీ కింద పడింది. అదీ క్యాసెట్లో రికార్డయింది. ఎస్సై టోపీ తీసుకుని దులిపి, లోవరాజు దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"బ్యాటరీ చూసుకో, లోవరాజూ."

"ఫుల్లుగా ఉందండి."

"చూసుకోమన్నాను."

లోవరాజుకి అర్థమైంది. నా దగ్గర ఆ మాట చెప్పేటప్పుడు అతను తప్పించుకోలేదు. "అర్థం కాలేదని రాయకండి. అర్థమైందండి" అన్నాడు. అతని బొటనవేలు మీట నొక్కింది. ఎర్ర లైటు ఆరిపోయింది. అప్పుడు మూలన టైము పది గంటల నలభై రెండు నిమిషాలు.

నా వేళ్ళు ఆగింది ఇక్కడే.

జనం పరిగెత్తారు. తూము గోడ మీద కూర్చున్న బుల్లియ్యకి పరిగెత్తడానికి అటూ ఇటూ నీళ్ళే. నలుగురు చుట్టూ చేరారు. మొదటి దెబ్బలు కాళ్ళ మీద, తర్వాత నడుము మీద, కిందపడ్డాక కడుపులో బూట్లు. బుల్లియ్య లోవరాజు వైపే చూస్తున్నాడు. లైటు సంగతి అతనికి తెలియదు. "తియ్యండి బాబూ, తియ్యండి" అని అరిచాడు. తనని కొడుతున్నది కెమెరాలో పడుతోందనే అనుకున్నాడు. లోవరాజు కెమెరా భుజం మీదే ఉంది, అతని కన్ను ఇంకా దాని అద్దంలోనే ఉంది. మొత్తం ఆ అద్దంలోంచే చూశాడు. ఏదీ క్యాసెట్టు మీద పడలేదు.

"ఇక పెట్టు" అన్నాడు ఎస్సై. మళ్ళీ మొదలయ్యేసరికి పది నలభై ఆరు. తూము ఖాళీ. గట్టు మీద పోలీసులు వరసగా నిలబడి ఉన్నారు.

నాలుగో రోజు, అమావాస్యనాడు, బుల్లియ్య ఆస్పత్రిలో పోయాడు. పారిపోతూ తూము గోడ మీదనుంచి రాళ్ళ మీద పడ్డాడని పోలీసులు రాశారు. ఆర్డీవో విచారణ జరిగింది. కొట్టారని చెప్పిన ఊరివాళ్ళందరి మీదా అప్పటికే కేసులున్నాయి. క్యాసెట్టు వేశారు. కొట్టినట్టు అందులో ఎక్కడా లేదు. లోవరాజుని ప్రమాణం చేయించి అడిగారు, మధ్యలో నాలుగు నిమిషాలు ఎందుకు లేవని.

"బ్యాటరీ అయిపోయిందండి. మార్చుకున్నాను."

అంతే, ఫైలు మూసేశారు. తుఫాను తర్వాత చిట్టియ్యని కాపాడిన వీడియో మాటే ఇప్పుడు తిరగబడింది. ఎవరు ఏం చెప్పినా ఒకటే జవాబు: వీడియోలో లేదుగా. కెమెరా అక్కడ అసలు లేకపోతే యాభై మంది సాక్ష్యానికి కొంతయినా విలువ ఉండేదేమోనని లోవరాజు నాతో అన్నాడు. ఉండటం వల్ల అదీ పోయింది.

అప్పట్నించీ అతనికి మీట నొక్కడం చేతకాకుండా పోయింది. పెళ్ళిళ్ళకి వెళ్ళేవాడు, కెమెరా పెట్టేవాడు, ఆపలేకపోయేవాడు. తలంబ్రాలు అయిపోయి అందరూ భోజనాలకి లేచినా ఖాళీ కుర్చీలు, ఊడ్చేవాళ్ళు, రాలిన పువ్వులు అలా పడుతూనే ఉండేవి. "ఇదేంటండీ, సగం క్యాసెట్లో మనుషులే లేరు" అని పెళ్ళివారు తిట్టేవారు. ఆపితే ఆ ఆపిన సందులో ఎవరికో ఏదో అవుతుందని అతని భయం. కూర అడుగంటుతోందని సత్యశ్రీ స్టవ్వు ఆపబోతే చెయ్యి పట్టుకుని ఆపాడట ఒకరోజు.

బుల్లియ్య పోయి ఏడాది కావస్తుండగా ఒక పొద్దున షాపు తెరిచేసరికి మెట్టు మీద ఒకామె కూర్చుని ఉంది. అరచేతులు కొబ్బరిపీచుకి కోసుకుపోయి ఉన్నాయి.

"నేను బుల్లియ్య పెళ్ళాన్నండి. తలుపులమ్మ అంటారు. మా ఆయన మీ పెట్టెలో ఉన్నాడంట గదా. ఓసారి సూపిత్తారా బాబూ? మాకు ఫోటో ఒక్కటీ లేదండి."

పోలీసులకి ఇచ్చే ముందు తీసుకున్న కాపీ ఒకటి లోవరాజు దగ్గర ఉంది. లేదని చెప్పొచ్చు. చెప్పలేకపోయాడు. బుల్లియ్య కనిపించేది పదకొండు సెకన్లు. వంగి గ్లాసులో నీళ్ళు పోస్తాడు, తువ్వాలు సర్దుకుంటాడు, ఎవరో ఏదో అంటే పళ్ళు కనపడేలా నవ్వుతాడు. తలుపులమ్మ ఏడవలేదు. టీవీ దగ్గరగా జరిగి కూర్చుంది.

"మళ్ళీ ఎయ్యండి."

ప్రతి అమావాస్యకీ పడవ దాటి వచ్చేది. మూడుసార్లు వేయించుకునేది, వెళ్ళిపోయేది. రెండేళ్ళు. తిప్పి తిప్పి క్యాసెట్టు ఆ చోట అరిగి, బుల్లియ్య మొహం మీద తెల్లటి గీతలు మొదలయ్యాయి. ఆవిడ ఏమీ అడగదు. అడిగితే బాగుండుననీ అనిపించేది, అడుగుతుందేమోనని భయమూ వేసేది.

రెండువేల ఒకటి మేలో అడిగింది. ఆ రోజు క్యాసెట్టు ఆపమనకుండా ముందుకి పోనిచ్చింది. మట్టిగడ్డ పడింది, టోపీ పడింది, ఎస్సై నడిచి వచ్చాడు, బొమ్మ ఒక్కసారి ఎగిరింది, పోలీసులు వరసగా నిలబడ్డారు.

"అదిగోండి, ఆయన తువ్వాలు" అంది తలుపులమ్మ. తూము పక్క బురదలో గళ్ళ గుడ్డ. "ఇప్పుడే గదా తలకి ఉంది. కన్ను మూసి తెరిసేలోపు అక్కడికి ఎలాగెల్లింది?"

"మధ్యలో బ్యాటరీ మార్చానమ్మా."

"మార్చడానికి ఎంతసేపు పడుద్దండి?"

ఈసారి లోవరాజు నోట అబద్ధం రాలేదు. "అర నిమిషం" అన్నాడు.

ఆవిడ తలూపింది. లేచి కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. జూన్ అమావాస్యకి రాలేదు. ఆ రోజంతా లోవరాజు షాపు తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

జూలై మొదట్లో అతను పెద్దాపురం వెళ్ళాడు. చిట్టియ్యకి అక్కడికి బదిలీ అయింది. మరిడమ్మ జాతర నెల. గుడి వీధిలో తాళ్ళు కట్టి క్యూలు చూస్తున్నాడు. మధ్యాహ్నం డ్యూటీ మారాక ఇద్దరూ సోడా బండి పక్కన నిలబడ్డారు. చిట్టియ్య కూడా ఆ రోజు మొగలిలంకలో ఉన్నాడు.

"చిట్టియ్యగారూ, నేను నిజం చెప్పేద్దామనుకుంటున్నానండి. మీరూ వస్తారా?"

చిట్టియ్య సోడా సీసా చేతిలో తిప్పుతూ అన్నాడు. "గేటు దగ్గర నీ కెమెరా నా ఉద్యోగం నిలబెట్టింది. ఆనాటినుంచీ బందోబస్తుకెళ్తే ముందు నీ లైటే చూసుకునేవాణ్ణి. వెలుగుతుంటే ధైర్యం. మొగలిలంకలో కూడా దానివైపే చూశాను, లోవరాజూ. ఆరింది. ఆరాక నేను కూడా కొట్టాను."

"మీరా? నాకు ఆ నలుగురి వీపులే కనిపించాయండి."

"రెండు దెబ్బలు. ఎందుకంటే చెప్పలేను. అతను నాకేం చేశాడు? లైటు లేదు, అంతే." సోడా బండివాడికి సీసా తాగకుండానే ఇచ్చేశాడు. "నా పేరు రాయకు. పిల్లలున్నారు."

తర్వాత లోవరాజు లంకకి వెళ్ళాడు. కాగితం మీద పెట్టేముందు ఆవిడకి చెప్పాలనుకున్నాడు. తలుపులమ్మ ఇంటిముందు తాడు పేనుతోంది. అతను నిలబడే చెప్పాడు, మీట నొక్కింది తనే అని. ఆవిడ తాడు పక్కన పెట్టింది.

"ఆకరిదాకా కళ్ళతో సూసి సెప్పేది మీరొక్కరే గదండి. మొత్తం సెప్పండి. ఏదీ వదలకండి."

నాలుగు నిమిషాల సంగతి చెప్పడానికి అతనికి గంట పట్టింది. బుల్లియ్య అరిచిన మాట దగ్గర ఆగిపోతే, "సెప్పండి" అంది. చెప్పాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. లోవరాజు మూడు గంటల పడవదాకా ఆ వాకిట్లోనే నిలబడి, వెళ్ళిపోయాడు. వారం తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

కాగితం మానవ హక్కుల కమిషన్‌కి వెళ్ళింది. మళ్ళీ విచారణకి రెండేళ్ళు పట్టింది. డిపార్టుమెంటు వకీలు లోవరాజుని నిలబెట్టి, "అప్పుడు ప్రమాణం చేసి ఒకటి చెప్పావు, ఇప్పుడు ప్రమాణం చేసి ఇంకొకటి. ఏది నమ్మాలి?" అన్నాడు.

"రెండూ నమ్మొద్దండి. క్యాసెట్టు మూలన టైము ఉంది. అది నమ్మండి."

ఆ రోజు నేను హాల్లోనే ఉన్నాను. వెనక బెంచీ మీద మామూలు బట్టల్లో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. లేచి, తన పేరు చిట్టియ్య అనీ, ఆ రోజు డ్యూటీలో ఉన్నాననీ, ఒక్క ముక్క చెప్పాలనీ అన్నాడు. "ఎస్సై గారు మాట్లాడాకే కెమెరా లైటు ఆరిందండి. బ్యాటరీ మార్చడం నేను చూడలేదు." తర్వాత ఏం జరిగిందని అడిగితే, తల వంచుకుని, చూడలేదన్నాడు. ఆ చివరి మాట అబద్ధమని ఆ హాల్లో లోవరాజుకీ నాకూ తెలుసు. లోవరాజు అతని వైపు తిరిగి చూడలేదు.

ఆ మధ్యలోనే కొమ్మరేవు స్టేషనుకి సొంతంగా చేతిలో పట్టేంత కెమెరా వచ్చింది. వాడటం నేర్పమని కొత్త ఇన్‌స్పెక్టరు లోవరాజుకి కబురు చేశాడు. లోవరాజు వెళ్ళాడు. నేర్చుకుంటున్న కానిస్టేబులు మెనూలోకి వెళ్ళి, "ఇందులో రికార్డు అవుతున్నా ఎర్ర లైటు వెలగకుండా పెట్టుకోవచ్చండీ" అని చూపించాడు. దాని గురించి చాలా రోజులు ఆలోచించానని లోవరాజు నాతో అన్నాడు. తీస్తున్నారో లేదో ఎవరికీ తెలియకపోతే చెయ్యి ఎత్తేవాడు ఎప్పుడూ భయపడతాడా, అసలు భయపడడా? మీట మటుకు వాళ్ళ చేతిలోనే ఉంది. అతనికి తేలలేదు. నాకూ తేలలేదు.

ఉత్తర్వు రెండువేల అయిదులో వచ్చింది. కెమెరా ఆపింది బ్యాటరీ వల్ల కాదు, అధికారి మాట మీద అని రాశారు. బుల్లియ్య దెబ్బల వల్లే పోయాడని రాశారు. కుటుంబానికి పరిహారం ఇమ్మన్నారు. ఎస్సైకి రెండేళ్ళు ప్రమోషన్ ఆగింది, అంతకు మించి ఏమీ కాలేదు. తప్పుడు సాక్ష్యం చెప్పినందుకు లోవరాజు మీద కేసు పెట్టారు. తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాడు. పోలీసుల పని మానేశాడు, పెళ్ళిళ్ళు కూడా మానేసి షాపులో జిరాక్సు మిషను పెట్టుకున్నాడు.

ఉత్తర్వు కాపీ తీసుకుని అతను మొగలిలంక వెళ్ళాడు. అది ఇంగ్లీషులో ఉందని, చదివి చెప్పడానికి నన్నూ రమ్మన్నాడు. తలుపులమ్మ గుమ్మంలో కూర్చుని వింది. చెరువుల ఆసామి మనుషులు ఏడేళ్ళుగా, తాగి పడిపోయాడు అని బుల్లియ్య గురించి అంటున్నారు. "పడిపోలేదని ఉందాండి అందులో?" అని అడిగింది. ఉందన్నాను. ఆ వాక్యం మళ్ళీ చదవమంది. చదివాను. కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, జాకెట్లో పెట్టుకుంది.

మా ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. తాగాక లోవరాజు గ్లాసు కింద పెట్టి, ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"మీరు సెప్పకపోతే ఈ కాయితం రాదు. నాకు తెలుసండి. కానీ బాబూ, మీరింక ఇక్కడికి రాకండి. మీ మొగం సూత్తే ఆయన అరుపు ఇనపడతాది. ఆ రోజు నేను అక్కడ లేను గదా. అరుపు నాకు ఇచ్చింది మీరే."

లోవరాజు దణ్ణం పెట్టాడు. ఇద్దరం పడవెక్కి వచ్చేశాం. ఆ తర్వాత అతను ఆ రేవు ఎప్పుడూ దాటలేదు.